తాళంచెవి పోయింది, మూడు వేలు కట్టమన్నారు



ఈ వారం ఆర్థిక సంఘం మీద వ్యాసం రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. కారణం చాలా చిన్నది. మా అద్దె ఇంటి తాళంచెవి పోయింది. దానికి నన్ను 3,000 రూపాయలు కట్టమన్నారు. ఆ మూడు వేలు ఏ లెక్క ప్రకారం అని వెతుకుతూ పోతే కాంట్రాక్టు చట్టం, రాజ్యాంగం ఏడో షెడ్యూలు, నమూనా అద్దె చట్టం దాకా వెళ్ళాను. అసలు తప్పు నేనెక్కడ చేశానో కూడా ఆ వెతుకులాటలోనే తెలిసింది. రెండూ దాచకుండా రాస్తున్నాను.

మీలో చాలామంది అశోక్‌నగర్‌లోనో, విశాఖ ద్వారకానగర్‌లోనో, ఢిల్లీలోనో అద్దె గదుల్లో ఉండి చదువుతున్నవాళ్ళే. అడ్వాన్సు కట్టి ఉంటారు. రెండు పేజీల అగ్రిమెంటు మీద సంతకం పెట్టి ఉంటారు. అందులో ఏముందో చదివారా? నేను చదవలేదు. రాజ్యాంగాన్ని మూడుసార్లు తిరగేసిన నేను నా సొంత అగ్రిమెంటును ఒక్కసారి కూడా చదవలేదు.

మా పేట గురించి రెండు మాటలు

నేనుండేది కోల్‌కతాలోని గార్డెన్ రీచ్. హుగ్లీ నది ఒడ్డున, ఖిదిర్‌పూర్ రేవు దాటాక వస్తుంది. ఒకవైపు ఓడలు కట్టే గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్, ఇంకోవైపు మటియాబుర్జ్ కుట్టుపని వీధులు, మధ్యలో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం. 1856లో ఆంగ్లేయులు అవధ్‌ను కలిపేసుకున్నాక నవాబు వాజిద్ అలీ షా వచ్చి స్థిరపడింది ఈ చుట్టుపక్కలే. చరిత్ర ఆప్షనల్ వాళ్ళకు ఈ సంగతి తెలిసే ఉంటుంది.

తెలుగువాళ్ళు ఇక్కడికి ఎలా వచ్చారంటే, రైలు పట్టాల మీద వచ్చారు. బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉండేది. 1955లో అది ఆగ్నేయ రైల్వే అయింది. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్ కూడా ఈ గార్డెన్ రీచ్ కిందే నడిచింది. అందుకే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుమాస్తాలు, ఫిట్టర్లు, గ్యాంగ్‌మెన్లు ఖరగ్‌పూర్‌కీ ఇక్కడికీ వచ్చారు. మా తాతయ్య ఆ వరసలో వచ్చినవాడే. ఆయన చివరిదాకా రైల్వేని బీఎన్ఆర్ అనే అన్నాడు. నాన్న కూడా ఇదే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. క్వార్టరు అప్పగించి అమ్మతో కలిసి పలాస వెళ్ళిపోయారు. నేను బీటెక్ ముగించి, నేషనల్ లైబ్రరీ దగ్గరవుతుందని, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకోవచ్చని ఇక్కడే ఆగాను.

పాహాడ్‌పూర్ రోడ్డుకు లోపలగా ఒక మూడంతస్తుల ఇంట్లో మా ఫ్లాట్. ముగ్గురం ఉంటాం. ఒకడు బరంపురం నుంచి వచ్చి షిప్‌యార్డులో అప్రెంటిస్ చేస్తున్నాడు. ఇంకొకడు మేదినీపూర్ కుర్రాడు, బ్యాంకు పరీక్షలు రాస్తున్నాడు. అద్దె 7,500. అడ్వాన్సు రెండు నెలలది, 15,000. ఆ ఇంట్లో మొత్తం ఐదు కుటుంబాలున్నాయి. అందరికీ కింద ఒకటే కొలాప్సిబుల్ గేటు, దానికి ఒక పెద్ద తాళంకప్ప. అది కాక ఎవరి తలుపుకు వాళ్ళ నైట్ లాచ్.

నాలుగు రాత్రులు

ఒక శుక్రవారం సాయంత్రం లైబ్రరీ నుంచి ఖిదిర్‌పూర్ దాకా బస్సులో, అక్కడి నుంచి షేర్ ఆటోలో వచ్చాను. గేటు దగ్గర జేబులో చెయ్యి పెడితే తాళంచెవుల గుత్తి లేదు. బ్యాగు మెట్ల మీద బోర్లించాను. పాలిటీ పుస్తకం, టిఫిన్ డబ్బా, గొడుగు, రెండు పెన్నులు కనబడ్డాయి. గుత్తి మాత్రం లేదు. మళ్ళీ ఆటోస్టాండు దాకా నడిచి వెళ్ళి అడిగాను. ఎవరూ చూడలేదన్నారు.

మరునాడు పొద్దున్నే మేదినీపూర్ తమ్ముడి గుత్తి తీసుకుని ఖిదిర్‌పూర్ వెళ్ళాను. ఫుట్‌పాత్ మీద ఆకురాయి పెట్టుకుని కూర్చునే చాబీవాలా దగ్గర రెండు డూప్లికేట్లు చేయించాను. 140 రూపాయలు తీసుకున్నాడు. పని అయిపోయిందనుకున్నాను. ఓనరుకు చెబితే తిడతాడు, డబ్బు అడుగుతాడు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? రూమ్మేట్లను కూడా నోరెత్తొద్దన్నాను. మనస్సాక్షి, నైతిక సందిగ్ధత అని నాలుగో పేపరు నోట్సులో పేజీలకు పేజీలు రాసుకున్నవాణ్ణి, ఈ ఆలోచన వచ్చినప్పుడు నాకు కనీసం అనుమానం కూడా కలగలేదు.

మంగళవారం సాయంత్రం నాన్న ఫోన్ చేశారు. మాటల్లో ఈ సంగతి చెప్పాను, నవ్వుతూనే చెప్పాను.

"ఓనరుకు చెప్పావా?" అన్నారు.

"లేదు నాన్నా. డూప్లికేట్ చేయించేశాను."

"పోయి ఎన్నాళ్ళయింది?"

"శుక్రవారం పోయింది."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గుత్తికి బిళ్ళ ఉంది కదరా?" అన్నారు.

ఉంది. ఆ బిళ్ళ నాన్న ఇచ్చిందే. ఆఫీసులో ప్రతి తాళంచెవికీ ఒక బిళ్ళ, బిళ్ళ మీద గది నంబరు ఉండేవట. ఆ అలవాటు కొద్దీ నేను అద్దెకు దిగిన రోజే ఇత్తడి బిళ్ళ మీద ఇంటి నంబరు, వీధి పేరు చెక్కించి ఇచ్చారు. ఎవరికైనా దొరికితే తెచ్చి ఇస్తారని ఆయన ఉద్దేశం. అంటే ఆ గుత్తి ఎవరి చేతికి చిక్కినా, ఏ ఇంటి గేటు తెరుచుకుంటుందో అతనికి తెలుసు. మా ఫ్లాటు మాత్రమే కాదు, ఐదు కుటుంబాల గేటు. తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అన్న సామెత ఎన్నిసార్లు విన్నానో. డూప్లికేట్ చేయించుకుని నేను చేసింది అదే పని.

వెంటనే కిందికి దిగాను. కింది వాటాలో డెబ్బై దాటిన ఒకావిడ ఒక్కతే ఉంటుంది. కొడుకు బెంగళూరులో. మేమంతా ఆమెను మాషిమా అంటాం. బెంగాలీలో పిన్నిని పిలిచే పిలుపు అది. ఆమెకే మొదట చెప్పాను. తిట్టలేదు. "ఏ రోజు పోయింది?" అని మాత్రం అడిగింది. శుక్రవారం అన్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టింది. "అంటే నాలుగు రాత్రులు" అంది.

ఆ నాలుగు రాత్రులకు ఎవరూ నన్ను డబ్బు అడగలేదు. నిజానికి నేను బాకీ పడ్డది వాటికే.

ఆ రాత్రి మా అప్రెంటిస్ సైకిల్ చైను తాళం తెచ్చి గేటుకు అదనంగా వేశాం. మిగిలిన ఇళ్ళవాళ్ళకు చెప్పి, తాళంచెవి మాషిమా దగ్గర పెట్టాం. ఓనరుకు ఫోన్ చేశాను.

ఏడో క్లాజు

ఓనరు బుధవారం పొద్దున్నే వచ్చాడు. ఆయన రేవులో పనిచేసి రిటైరైన మనిషి. కాకూ అని పిలుస్తాం, మన బాబాయి వరస. వస్తూనే కొత్త తాళంకప్ప తెచ్చాడు. గేటుకు అది వేసి, చాబీవాలాను పిలిపించి మా తలుపు నైట్ లాచ్ కూడా మార్పించాడు. అన్నీ అయ్యాక నా చేతిలో అగ్రిమెంటు నకలు పెట్టి, ఏడో క్లాజు చదవమన్నాడు.

"తాళంచెవి పోగొట్టిన పక్షంలో అద్దెదారు రూ. 3,000 చెల్లించవలెను" అని ఉంది.

"కాకూ, తాళానికి అంత అవుతుందా?" అన్నాను.

"సంతకం నీదే కదా" అన్నాడు.

నాదే. ఆ మాటకు జవాబు లేదు. వచ్చే నెల అద్దెతో కలిపి ఇవ్వు, లేదా అడ్వాన్సులో పట్టుకుంటానని వెళ్ళిపోయాడు. ట్యూషన్లో ఒక్కో పిల్లాడికి నెలకు నాకు వచ్చేది 1,000. అంటే ముగ్గురు పిల్లల నెల జీతం. ఆ మధ్యాహ్నం లైబ్రరీలో నేను ఆర్థిక సంఘం చదవలేదు.

చట్టం ఏమంటుంది?

ముందు 1997 నాటి పశ్చిమ బెంగాల్ ప్రెమిసెస్ టెనెన్సీ చట్టం తెరిచాను. అద్దె నియంత్రణాధికారి దగ్గరికి వెళ్ళవచ్చేమో అనుకున్నాను. అయితే ఆ చట్టం కోల్‌కతా, హౌరా నగరపాలక పరిధిలో నెలకు 6,500 రూపాయలు మించిన నివాస అద్దెలకు వర్తించదు. మాది 7,500. ముగ్గురం పంచుకుంటే తలకు 2,500 మాత్రమే పడుతుంది, కానీ చట్టం చూసేది మొత్తం అద్దెనే. ఆ దారి మూసుకుపోయింది.

అప్పుడు పాత చట్టాలే దిక్కు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 108 అద్దెదారు బాధ్యతలు చెబుతుంది. ఇల్లు ఏ స్థితిలో తీసుకున్నామో, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల పోను, అదే స్థితిలో తిరిగి అప్పగించాలి. తాళంచెవి పోగొట్టడం అరుగుదల కాదు. కాబట్టి ఖర్చు నాదే. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఎంత ఖర్చు అన్నదే ప్రశ్న. దానికి జవాబు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74లో ఉంది. ఒప్పందం ఉల్లంఘిస్తే ఇంత కట్టాలి అని ఇద్దరూ ముందే ఒక మొత్తం రాసుకున్నా, ఆ మొత్తం దానంతటదే రాదు. దాన్ని మించకుండా సముచితమైన పరిహారం మాత్రమే వస్తుంది. అంటే అగ్రిమెంటులో రాసిన 3,000 ఒక గరిష్ఠ పరిమితి. మీటరు మీద కనబడే బిల్లు కాదు.

సుప్రీంకోర్టు 1963లో ఫతే చంద్ వర్సెస్ బాల్‌కిషన్ దాస్ కేసులో ఈ సూత్రాన్ని వివరించింది. 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ వర్సెస్ ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో మరింత స్పష్టం చేసింది. ఆ రెండో కేసులో వేలంలో స్థలం పాడుకున్న సంస్థ కట్టిన ధరావతును అథారిటీ జప్తు చేసుకుంది. తర్వాత అదే స్థలాన్ని ఇంకా ఎక్కువ ధరకు అమ్ముకుంది. నష్టమే జరగనప్పుడు పరిహారం ఎక్కడిది అని కోర్టు ప్రశ్నించి, ఆ డబ్బు తిరిగి ఇమ్మంది. నష్టాన్ని లెక్కగట్టగలిగిన చోట లెక్క చూపాలి. లెక్కగట్టడం కష్టమైన చోట మాత్రం, ముందే వేసుకున్న అంచనా నిజాయితీగా ఉంటే దాన్ని ఒప్పుకుంటారు. తాళం ధర లెక్కగట్టడం కష్టమేమీ కాదు. దుకాణం బిల్లు చాలు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. నష్టపరిహారం వేరు, జరిమానా వేరు. మొదటిది పోయినదాన్ని పూడుస్తుంది. రెండోది శిక్షిస్తుంది. నేరానికి జరిమానా వేసే అధికారం చట్టం రాజ్యానికి ఇచ్చింది. ఒక ఒప్పందంలోని ఒక పక్షం, తన పేరు పైన రాసి ఉందని, రెండో పక్షాన్ని శిక్షించలేదు.

నమూనా చట్టం ఇంకా సూటిగా చెబుతుంది

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. దాని రెండో షెడ్యూలు మరమ్మతులను ఓనరుకూ అద్దెదారుకూ పంచుతుంది. గోడల నిర్మాణపరమైన మరమ్మతులు, సున్నం, పైపులు మార్చడం, ఇంటి వైరింగు ఓనరు వంతు. కుళాయిలు, స్విచ్చులు, కిటికీ అద్దాలు అద్దెదారు వంతు. ఆ అద్దెదారు జాబితాలోనే తలుపులు, బీరువాలు, కిటికీల నాబ్‌లూ తాళాలూ మార్చడం కూడా ఉంది. అద్దెదారు చేయించకపోతే ఓనరే చేయించి, అయిన ఖర్చును అడ్వాన్సులోంచి మినహాయించుకోవచ్చు. అయిన ఖర్చు అన్న మాట గమనించండి. అనుకున్న ఖర్చు కాదు. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదని కూడా ఇదే చట్టం చెబుతుంది.

మరి ఇది దేశమంతా ఎందుకు అమల్లో లేదు? ప్రిలిమ్స్ స్థాయి ప్రశ్న. భూమి, భూస్వామికీ కౌలుదారుకూ మధ్య సంబంధాలు, అద్దె వసూలు రాష్ట్ర జాబితాలోని 18వ అంశం. అందుకే కేంద్రం నమూనా మాత్రమే ఇచ్చింది, చట్టం చేయాల్సింది రాష్ట్రాలు. ఈ తరహాలో తమ అద్దె చట్టాలను సవరించుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం ఉన్నాయి. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే నడుస్తోంది.

ఇంగ్లండ్ తాళంచెవి

మా పిన్ని కూతురు ఇంగ్లండులో ఎమ్మెస్ చేస్తోంది. ఈ కథ చెబితే, అక్కడ తాళంచెవికి ప్రత్యేకంగా చట్టంలోనే చోటుందని చెప్పింది. నమ్మలేదు, వెతికాను. నిజమే. 2019 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన టెనెంట్ ఫీజుల చట్టం, ఓనర్లూ ఏజెంట్లూ అద్దెదారుల దగ్గర వసూలు చేసే రకరకాల రుసుములను నిషేధించింది. వసూలు చేయదగినవి కొన్నే మిగిల్చింది. అద్దెదారు తప్పుకు వసూలు చేయదగినవి రెండే. ఒకటి, గడువు దాటి పద్నాలుగు రోజులైనా కట్టని అద్దెపై వడ్డీ. రెండోది పోయిన తాళంచెవి. ఆ తాళంచెవికి కూడా సముచితమైన ఖర్చు మాత్రమే తీసుకోవాలి, దానికి రాతపూర్వకమైన ఆధారం చూపాలి. అక్రమంగా వసూలు చేస్తే మొదటిసారికే 5,000 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు.

మన 1872 చట్టమూ వాళ్ళ 2019 చట్టమూ చివరికి చెప్పేది ఒకటే: అసలు ఖర్చు, ఆధారంతో. తేడా అమలులో ఉంది. అక్కడ ఈ చట్టాన్ని అమలు చేసే పని స్థానిక అధికారులది. ఇక్కడ నా వెయ్యి రూపాయల తగువు కోసం నేనే సివిల్ కోర్టు మెట్లెక్కాలి. ఎవరు ఎక్కుతారు? వెయ్యి కోసం వెళ్ళినవాడికి వకీలు ఫీజు ఎంతవుతుంది? హక్కు పుస్తకంలో ఉండడం వేరు, దాన్ని చేతిలోకి తెచ్చే మార్గం ఉండడం వేరు. పాలనా సంస్కరణల మీద ఏ ప్రశ్న వచ్చినా ఈ వాక్యాన్ని మీ మాటల్లో రాసుకోవచ్చు.

కాకూ డైరీ

శుక్రవారం సాయంత్రం కాకూ ఇంటికి వెళ్ళాను. సెక్షన్లు చెప్పడానికి వెళ్ళలేదు. ముందుగా, నాలుగు రోజులు చెప్పకుండా ఉన్నందుకు తప్పు నాదే అన్నాను. ఖర్చు నేనే పెట్టుకుంటాను, బిల్లు చూపించండి అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. "నేను దొంగ లెక్క రాస్తానా?" అన్నాడు. కాసేపటికి టీ తాగుతూ ఆ మూడు వేల కథ చెప్పాడు. కొన్నేళ్ళ కిందట ఒక అద్దెదారు తాళంచెవులతో సహా రాత్రికి రాత్రే వెళ్ళిపోయాడు. వెల్డింగువాణ్ణి పిలిచి గేటు కోయించి, మళ్ళీ అతికించి, కొత్త తాళం వేయించేసరికి ఆయనకు దాదాపు మూడు వేలయింది. అప్పటి నుంచీ ప్రతి అగ్రిమెంటులో ఆ అంకె రాయిస్తున్నాడు. నేను దురాశ అనుకున్నది ఆయనకు ఒక పాత దెబ్బ. ఎవరో చేసిన నష్టానికి నా అగ్రిమెంటులో లెక్క రాసి ఉంది, అంతే.

డైరీలోంచి బిల్లులు తీశాడు. గేటు తాళంకప్ప 780. దాంతో వచ్చినవి మూడు తాళంచెవులు. ఐదు ఇళ్ళకు ఇంటికి రెండు కావాలి కాబట్టి ఇంకా ఏడు చేయించాడు, ఒక్కోటి 70 చొప్పున 490. మా నైట్ లాచ్ మార్చినందుకు 450. మొత్తం 1,720.

"మరి నేను రెండుసార్లు తిరిగాను, అది లెక్క కాదా?" అన్నాడు.

అదీ లెక్కే. నా పొరపాటు వల్ల ఒక పెద్దమనిషి పొద్దున్నే దుకాణానికి పరిగెత్తాడు. ఇంకో 280 కలిపి 2,000 ఇస్తానన్నాను. ఒప్పుకున్నాడు. ఒక్కో పద్దు విడిగా వేసి రసీదు రాసిచ్చాడు. వచ్చే అగ్రిమెంటులో ఏడో క్లాజును "బిల్లు ప్రకారం అయిన ఖర్చు, రూ. 3,000 మించకుండా" అని మార్చుకుందామని చెప్పాను. తలూపాడు.

రసీదు అడగలేనివాళ్ళు

ఇక్కడితో ఆపితే ఇది నా గెలుపు కథ అవుతుంది. కానీ ఆదివారం ఇంకో మాట విన్నాను.

నేను లెక్కలు చెప్పే ఒక పిల్లాడి తండ్రి మటియాబుర్జ్‌లో కుట్టుపని చేస్తాడు. భార్యా, ముగ్గురు పిల్లలతో ఒక గదిలో ఉంటాడు. నా రసీదు సంగతి చెబితే నవ్వాడు. పోయిన ఏడాది వాళ్ళ పిల్లాడు తాళంచెవి నీళ్ళలో పడేస్తే ఓనరు 1,000 తీసుకున్నాడట. అక్కడి తాళంకప్ప ధర రెండు వందలు. బిల్లు ఎందుకు అడగలేదన్నాను. "అగ్రిమెంటే లేదు మాస్టారూ. అడ్వాన్సు ఇచ్చినట్టు కాయితం లేదు. బిల్లు అడిగితే గది అడుగుతాడు" అన్నాడు.

కాంట్రాక్టు చట్టం అతనికీ వర్తిస్తుంది. నోటి మాట ఒప్పందం కూడా ఒప్పందమే. అయినా ఆ చట్టం అతని గుమ్మం దాకా రాదు. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, గది పోతే పలాస వెళ్ళడానికి ఒక ఇల్లుంది, ఎదురుగా కూర్చుని మాట్లాడే ఓనరున్నాడు. నేను గెలిచింది చట్టంతో కాదు, ఈ మూడింటితో. అందుకే నమూనా చట్టం రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి చేసి, దాన్ని అద్దె అధికారికి తెలియజేయాలంటుంది. కాయితం ఉన్నవాడికే రసీదు అడిగే ధైర్యం వస్తుంది.

మీరు చేయాల్సినవి

ఒకటి, అగ్రిమెంటు ఈ రోజే చదవండి. మనవి చాలావరకు పదకొండు నెలలవే ఉంటాయి. ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి కాబట్టి ఆ పద్ధతి వచ్చింది. చిన్న ఒప్పందమే అయినా క్లాజులు పెద్దవే ఉండవచ్చు.

రెండు, గదిలో దిగేటప్పుడు ఎన్ని తాళంచెవులు తీసుకున్నారో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. నాన్న క్వార్టరు అప్పగించిన రోజు ఫ్యాన్లు, స్విచ్చులు, తాళంచెవులు జాబితా వేసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నారు. అప్పట్లో అది నాకు చాదస్తంగా కనిపించింది.

మూడు, తాళంచెవి మీద ఇంటి చిరునామా రాయకండి. పేరు, ఫోన్ నంబరు చాలు.

నాలుగు, పోయిన రోజే చెప్పండి. ఓనరు కంటే ముందు, అదే గేటు వాడే పక్కింటివాళ్ళకు చెప్పండి.

ఐదు, కట్టే ముందు బిల్లు అడగండి. కట్టాక రసీదు తీసుకోండి. అడగడం గొడవ కాదు.

చివరగా

నమూనా చట్టం ప్రకారం అద్దె తగువులు మొదట వచ్చేది అద్దె అధికారి దగ్గరికి. ఆ అధికారి డిప్యూటీ కలెక్టరు హోదాకు తగ్గకూడదు. మీలో గ్రూప్-1 రాస్తున్నవాళ్ళు ఆ కుర్చీకే గురిపెట్టారు. రేపు ఏదో ఒక మధ్యాహ్నం ఎవరో కుట్టుపనివాడు 800 రూపాయల తగువుతో మీ ముందు నిలబడతాడు. పైన కట్ట కట్టి పెద్ద ఫైళ్ళుంటాయి. ఇంత చిన్నదానికి వచ్చావా అని మాత్రం అనకండి. అతను అంతదాకా రావడానికి గదిని పణంగా పెట్టి ఉంటాడు.

ఇక మాషిమా సంగతి. ఇప్పటికీ నేను రాత్రి ఆలస్యంగా వస్తే కింది గదిలో దీపం వెలుగుతుంటుంది. గేటు వేసి, తాళం ఒకసారి లాగి చూసి, "వేశాను మాషిమా" అని చెబుతాను. అప్పుడు దీపం ఆరుతుంది.

ఈ వారం సాధన ప్రశ్న (నాలుగో పేపరు, కేసు స్టడీ, 20 మార్కులు, 250 పదాలు):

మీరు ఒక పట్టణంలో అద్దె అధికారి. ఐదు కుటుంబాలున్న భవనంలో ఒక విద్యార్థి ఉమ్మడి గేటు తాళంచెవి పోగొట్టుకుని, వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. ఒప్పందంలో రాసి ఉందని ఓనరు అతని అడ్వాన్సులోంచి రూ. 5,000 మినహాయించాడు. అసలు ఖర్చు రూ. 1,900 అని బిల్లులున్నాయి. భద్రతకు భంగం కలిగిందని మిగతా అద్దెదారులు కూడా పరిహారం కోరుతున్నారు. (అ) ఇందులో ఎవరెవరి ప్రయోజనాలు ఇమిడి ఉన్నాయి? (ఆ) నష్టపరిహారానికీ జరిమానాకూ ఉన్న తేడాను ఎలా వర్తింపజేస్తారు? (ఇ) విద్యార్థి మౌనాన్ని మీ తీర్పులో ఎలా పరిగణిస్తారు?

మూడో భాగం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. నేను ఇంకా అక్కడే ఉన్నాను.